నేను విరగ్గొట్టని కాలు

ఆ కాలు విరగ్గొట్టింది నేను కాదు. నేను విరగ్గొట్టని ఆ కాలి పేరు చెప్పి నా ఆట తీసేశారు, మిల్లులో నా పని తీసేశారు, ఉంటున్న గది ఖాళీ చేయించారు, ఆఖరికి అవ్వా బాపూ పెట్టిన పేరును కూడా పక్కకు తోసి 'కాలిరగ్గొట్టినోడు' అని పిలిచారు. ఆ పిలుపుతోనే నేను ఎనభై దాటాను.

పోయిన చలికాలం కరీంనగర్‌లో పాత ఆటగాళ్లకు సన్మానం చేస్తున్నామని కబురు పెడితే, మోకాళ్లు వద్దంటున్నా వినకుండా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాను. నాలాంటి ముసలివాళ్లం ఏడెనిమిది మందిమి ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చున్నాం; ఒకరు చెప్పేది ఒకరికి వినపడదు, అయినా అందరం తలలు ఊపుతూనే ఉన్నాం. నా వంతు వచ్చేసరికి మైకు పట్టుకున్న పిల్లవాడు నా భుజం మీద చెయ్యేసి, "గీ తాత ముంగటికెళ్లి బాల్ పోతె మనిషి పోకపోయేది, మనిషి పోతె కాలు పోకపోయేది! నిర్మల్ ఫార్వర్డు కాలు పటుక్కున ఇరగ్గొట్టిన మొనగాడు గీయ్ననే!" అన్నాడు. చప్పట్లు మోగాయి, వెనక ఎవరో ఈల కూడా వేశారు. మైకు కోసం చెయ్యి చాపి, అది నేను కాదు బిడ్డా అన్నాను. "తాతకు ఇనయం జర ఎక్కువ" అని వాడు నవ్వాడు, జనం మళ్లీ నవ్వారు, నా మెడలో శాలువా పడింది. చెయ్యని పాపానికి అరవై ఏళ్ల కింద కట్టెలతో కొట్టారు, ఇప్పుడు అదే పాపానికి శాలువా కప్పారు. రెండింటిలో ఏది ఎక్కువ నొప్పి అని అడిగితే నేను చెప్పలేను.

నా ఈడువాళ్లు ఎవరైనా ఇంకా మిగిలి ఉంటే ఇది మీకోసమే రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజుల్లో మా వైపు ఫుట్‌బాల్ అంటే ఏమిటో చూసినవాళ్లు మీరే. నేను సాధువునని చెప్పడం లేదు. ఇచ్చోడ జట్టులో గోలు కాసేవాడి ముక్కు నా మోచేతికి చితికింది, అది నాదే. కరీంనగర్‌లో ఒక పోలీసు జవాను పక్కటెముక నా మోకాలికి లోపలికి పోయింది, అదీ నాదే. గోదావరి గట్టు నుంచి వచ్చిన ఒక పొడుగాటి మనిషి నేను గుద్దిన గుద్దుకు మైదానం మధ్యన కూర్చుని నెత్తురు కక్కుకుంటుంటే, వాణ్ణి లేపకుండా, దొరికిన బంతిని దూరంగా తన్ని మా వాళ్ల వంక చూసి నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు, అయినా అదీ నాదే. వీటన్నిటికీ ఎవరు నిలదీసినా తల వంచుతాను. నాది కానిదాన్ని మాత్రం ఎందుకు మొయ్యాలి?

మాది చొప్పదండి దగ్గర ఒక చిన్న పల్లె, మగ్గం నేసే ఇల్లు. గుంట మగ్గం ఎరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు గాని, ఎరగనివాళ్లకు చెప్పాలంటే, నేసేవాడు నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని పొద్దస్తమానం కింది పలకలు తొక్కుతూ ఉండాలి. పదేళ్లు నిండగానే నన్ను ఆ గుంటలో దించారు. తొక్కీ తొక్కీ నా తొడలూ పిక్కలూ రాళ్లలా తయారయ్యాయి, చేతులు మాత్రం పుల్లల్లా ఉండిపోయాయి. మా అవ్వ, అంటే అమ్మ, నాకు నీళ్లు పోస్తూ "మీద పిట్ట, కింద ఎద్దు" అని నవ్వేది. పోలీసు చర్య జరిగిన ఏడు కరీంనగర్ బయట మిలిటరీవాళ్లు డేరాలు వేశారు. చీరల మూట నెత్తిన పెట్టుకుని అంగడికి పోతుంటే జవాన్లు ఆడుకుంటున్న తోలు బంతి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చింది. మూట దించకుండానే తన్నాను. అది రెండు డేరాలు దాటి వంట దగ్గర పడి పప్పు గుండిగను బోర్లించింది. వంటవాడు గరిటె పట్టుకుని వెంటపడి నా వీపు మీద వాతలు తేలేటట్టు కొట్టాడు, మిగతా జవాన్లు మాత్రం వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టారు. తన్నులు తినడమూ మెప్పు పొందడమూ ఒకేసారి జరగవచ్చునని ఆ రోజే నేర్చుకున్నాను. తర్వాత పన్నెండేళ్ల నా బతుకంతా అదే.

మా బావ, అంటే మా అక్క మొగుడు, అప్పటికే ఆదిలాబాద్‌లో ఒక పత్తి జిన్నింగు మిల్లులో ఉండేవాడు. ఆ మిల్లు మరాఠీ సేఠ్‌కు ఆటంటే పిచ్చి. వానలు తగ్గగానే ఊరూరా కప్పుల కోసం పోటీలు జరిగేవి. వాటిలో గెలవడానికి ఆయన ఒక జట్టును మేపేవాడు. బంతికథ విన్న బావ ఒకరోజు మా ఇంటికి వచ్చి గుంటలో ఉన్న నా కాళ్ల వంక, సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు.

"మామా, గీ కాళ్లను గుంటల పాతిపెట్టకు. మా సేఠ్ గివ్విటికి జీతమిస్తడు."

"కాళ్లకు జీతమా? మరి తలకాయకేమిస్తడు?" అన్నాడు బాపు, పడుగులోంచి నాడె అటూ ఇటూ విసరడం ఆపకుండానే.

"గా ఆటల తలకాయతోని పని లేదు మామా."

అలా నేను ఆటతో పొట్ట పోసుకునేవాణ్ణయ్యాను. మిల్లు రిజిస్టరులో నేను బేళ్లు మోసే కూలీని. నిజానికి పోటీలు ఉన్న నెలల్లో బేలు ముట్టుకోనిచ్చేవారు కాదు. బావ ఉంటున్న రెండు గదుల్లోనే ఒకటి నాకిచ్చారు, అక్క చేతి జొన్నరొట్టె తిని పత్తి ఎండబోసే ఆవరణలో పొద్దున్నా సాయంత్రం ఆడేవాళ్లం. చదువు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది దానివల్లనే. నేను బడి గడప తొక్కలేదు. పత్తి బేళ్ల మీద నల్లరంగుతో వేసే గుర్తులు చూసి, ఇదేమిటి అదేమిటి అని లెక్కలు రాసే మునీంను వేధించి అక్షరాలు పట్టుకున్నాను. తర్వాత కిరాణా పొట్లాల కాగితాలు. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి ఎవరో తెచ్చిన ఆట నియమాల పుస్తకం, ఉర్దూలో ఉన్నదాన్ని, మిల్లు కాపలాదారు చదివి చెబుతుంటే మొత్తం బట్టీ పట్టాను. రెఫరీ తప్పు చేస్తే ఆ నియమాలు అప్పజెప్పేవాణ్ణి. "వకీలు సాబ్ మొదలువెట్టిండు, ఇగ పొద్దుగూకుతది" అని మా వాళ్లే నెత్తి కొట్టుకునేవారు.

నేను రైట్ బ్యాకు, బావ లెఫ్ట్ బ్యాకు. బ్యాకు పని ఏమిటంటే గోలు దగ్గరికి వచ్చేవాడికి, ఇంకోసారి రావాలనిపించకుండా చేయడం. ఆ రోజుల్లో మాకు చెప్పింది అంతే. మొదటి దెబ్బ జనానికి వినపడాలనేవాడు సేఠ్. అందరం ఉత్త కాళ్లతోనే ఆడేవాళ్లం, చీలమండలకు గుడ్డపట్టీలు చుట్టుకుని, పిక్కల ముందు వెదురు బద్దలు కట్టుకుని. ముక్కు పగిలితే మా దగ్గర పత్తికి కొదవా, చిటికెడు తీసి ముక్కులో కూరుకుని మళ్లీ ఆడేవాళ్లం. ఆట అయిపోయాక మా పదకొండుమంది ముక్కుల్లోంచీ ఎర్రటి పత్తి తీసి పారేస్తే కుక్కలు వాసన చూసేవి. ఓడిన ఊరివాళ్లు రాళ్లు రువ్వేవారు, గెలిచిన ఊరివాళ్లూ సంతోషం పట్టలేక రువ్వేవారు. మిల్లు లారీలో అడుగున పత్తి పరిచి, మీద మేము పడుకుని, టార్పాలిన్ కప్పుకుని ఊరు దాటేవాళ్లం. టార్పాలిన్ మీద రాళ్లు పడే చప్పుడు వింటూ కూడా నవ్వుకునేవాళ్లం. అంత చిన్నతనం.

ఇక ఆ బూట్ల సంగతి. మిలిటరీవాళ్లు డేరాలు ఎత్తేసి పోతూ పాత సామాను వేలం వేస్తే సేఠ్ ఒక్క జత బూట్లు పాడుకుని వచ్చాడు. చెప్పులు కుట్టే ముసలాయన వాటి అడుగున తోలు ముక్కలు మేకులతో దిగ్గొట్టి, ముందు వేళ్ల దగ్గర ఇనుప రేకు తాపడం చేసి ఇచ్చాడు. ఆ జత కోసం బ్యాకులం ఇద్దరమూ పోటీ పడ్డాం. సేఠ్ రెండు నిమిషాలు ఆలోచించి, రైట్ బ్యాకుకు కుడి కాలిది, లెఫ్ట్ బ్యాకుకు ఎడమ కాలిది ఇచ్చి, "ఝాలా, అయిపోయింది! ఇంక జగడం వద్దు" అని లేచిపోయాడు. మీరు నవ్వుతారు గాని మాకు అది న్యాయంగానే తోచింది. అప్పటి నుంచి మైదానంలో మా జట్టుకు రెండే బూట్లు, నా కుడికాలికి ఒకటి, బావ ఎడమకాలికి ఒకటి. నాది వదులు, వేళ్ల దగ్గర పత్తి కూరేవాణ్ణి, ఆయనది బిగుతు. ఊరూరా జనం, "బావా, రెండోది కట్నంల ఇయ్యలేదా మీ మామ?" అని అరిచేవారు. ఆ ఇనుప రేకు నియమాలకు విరుద్ధమని నాకు తెలుసు, పుస్తకంలో ఉన్నదే. అన్ని నియమాలూ అప్పజెప్పే వకీలు సాబ్ ఆ ఒక్క నియమం మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. అది కూడా ఒప్పుకుంటున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాలుగైదేళ్లకు నిర్మల్‌లో జరిగిన పోటీలో ఆఖరి ఆట మాకూ నిర్మల్ జట్టుకూ పడింది. వాళ్ల ఫార్వర్డు బొమ్మలు చెక్కే ఇంటివాడు, తను చెక్కే పొణికి కర్ర లాగానే తేలికైనవాడు. వాడికి భయం లేదు. మొదటి దెబ్బగా నా భుజం వాడి రొమ్ముకు తగిలి మట్టిలో బోర్లా పడ్డాడు, లేచి నోట్లో మట్టి ఉమ్మేసి, "అన్నా, గింతేనా?" అన్నాడు. కాసేపటికి బంతిని నా రెండు కాళ్ల సందులోంచి తోసుకుని అవతలికి పోయి, వెనక్కు తిరిగి, "గుంట గింత పెద్దగుందేందన్నా, మగ్గం పెడ్తరా?" అని అందరికీ వినపడేలా అడిగాడు. నిర్మల్ నిర్మలంతా పగలబడి నవ్వింది. మా జట్టువాళ్లు కూడా నవ్వారు. ఇంకోసారి వాడు నా పక్కన ఎగిరినప్పుడు మోచేత్తో వాడి పెదవి చీల్చాను. నెత్తురు పళ్లతో నవ్వుతూనే ఉన్నాడు. దెబ్బ తిని నవ్వేవాణ్ణి ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు.

సగం ఆట దాటాక నా బూటు అడుగు ఊడిపోయి కప్పనోరులా తెరుచుకుంది. రెండుసార్లు తట్టుకుని పడి, దాన్ని పీకి మా గోలు గుంజ పక్కన నీళ్లకుండ దగ్గరికి విసిరేశాను. ఆ క్షణం నుంచి నావి రెండూ ఉత్త కాళ్లే. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ రోజు గుర్తుంచుకోవలసిన వాళ్లెవరూ గుర్తుంచుకోలేదు.

ఆట ముగియబోతుండగా బంతి మా గోలు ముందు పైకి లేచింది. నేను తలతో కొట్టడానికి ఎగిరాను, వాడూ ఎగిరాడు, బంతి నా నుదుటికి తగిలి దూరంగా పోయింది. ఇద్దరం ఇంకా కిందికి దిగుతుండగానే పక్క నుంచి బావ వచ్చాడు. బంతి పోయిన తర్వాత వచ్చాడు. ఎడమకాలు ఎత్తి వచ్చాడు. ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. నేను వాడి మీద పడ్డాను. చూస్తే, వాడి మోకాలు ఒకవైపు, పాదం ఇంకోవైపు ఉన్నాయి, మోకాలి కింద చర్మాన్ని చీల్చుకుని ఎముక తెల్లగా బయటికి వచ్చింది. వాడు నా చొక్కా గుప్పిట పట్టుకుని నా మొహంలోకి చూశాడు, అంతే. నేను తల ఎత్తేసరికి బావ గోలు గుంజ దగ్గర, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నవాడిలా నిలబడి ఉన్నాడు.

దుమ్ము తగ్గాక జనానికి కనపడింది, కిందవాడూ మీద నేనూ. ఇక అడిగేదేముంది. తాడు తెంచుకుని మైదానం మీద పడ్డారు. మొదటి కట్టె వీపు మీద, రెండోది మోచేతి మీద, తర్వాత లెక్క తెలియలేదు. ఎవరో నా జుట్టు పట్టి మొహాన్ని నేలకేసి కొడితే రెండు పళ్లు నాలుక మీదికి వచ్చాయి. పల్లీలు అమ్మే ఒక ముసలమ్మ తక్కెడతో సహా పరుగెత్తుకొచ్చి, "నా మనుమని అసుంటి పోరన్ని సంపినవు గదరా" అని ఆ తక్కెడ పళ్లెంతోనే నా నెత్తి పగలగొట్టింది. అందరి దెబ్బల్లోకీ ఆమెదే లోతుగా దిగింది. ఆ చోట ఇప్పటికీ వెంట్రుక మొలవదు. ఆవిడ మీద మాత్రం నాకు కోపం లేదు, ఆమె చూసినదాన్ని బట్టి ఆమె కొట్టింది. మునీం, లారీ డ్రైవరు నన్ను కాళ్లు పట్టి ఈడ్చుకుపోయి పత్తిలో కూరారు.

మర్నాడు పొద్దున పోటీ నడిపిన పెద్దలు బడిలో కూర్చుని పంచాయితీ పెట్టారు. నాకు తలంతా కట్టు, ఒక కన్ను మూసుకుపోయింది. వాడి కాలికి వెదురు బద్దలతో కట్టు కట్టి మంచం మీద మోసుకొచ్చారు. ఎవరు తన్నారని పెద్దలు అడిగారు. వాడు పడుకునే చెయ్యి లేపి నా వైపు చూపించి నా పేరు చెప్పాడు.

నేను లేచాను. నా బూటు అప్పటికే కుండ దగ్గర పడి ఉందని, నీళ్లుపోసేవాణ్ణి అడగమని చెప్పాను. బూటు కోసం మనిషిని పంపారు. ఆ గొడవలో దాన్ని ఎవరు ఎత్తుకుపోయారో, లేదు. నీళ్లుపోసేవాడు నిర్మల్ వాడు, తాను చూడలేదన్నాడు. గాయం చూడండి, ఉత్త కాలితో ఎముక అట్లా విరుగుతుందా అన్నాను. పెద్దల్లో ఒకాయన మీసం దువ్వుకుంటూ, "నీ కాలుకు బూటెందుకయ్య, నీ కాలే ఇనుము గదా" అన్నాడు. బడంతా నవ్వింది. పదేళ్లు నేను సంపాదించిన పేరే అక్కడ నాకు సాక్షిగా వచ్చి, నా మీదనే సాక్ష్యం చెప్పింది.

"నువ్వు కాకుంటె మరెవరు?" అన్నాడాయన.

నేను నోరు తెరిచాను. బావ తలుపు దగ్గర చెప్పులేసుకుని నిలబడి, చెప్పు కొనతో నేల మీద గీతలు గీస్తున్నాడు. తల ఎత్తితే చాలు అనుకున్నాను, ఎత్తలేదు. ఆదిలాబాద్‌లో అక్క ఏడో నెల కడుపుతో ఉంది, ముందరి ఇద్దరు పిల్లలు నా చేతుల మీద నడక నేర్చినవాళ్లు. ఆయన పేరు నా నోట వస్తే ఆ రెండు గదులు పోతాయి. నాకు అప్పటికింకా పెళ్లి కాలేదు, నా కింద ఎవరూ లేరు. నేను కాదు అన్నాను, మళ్లీ అన్నాను, ఎవరో మాత్రం చెప్పలేదు. చెప్పనివాడి మాట ఎవరు నమ్ముతారు? రెండు జిల్లాల్లో ఎక్కడా ఏ పోటీలోనూ ఈ మనిషి కాలు పెట్టకూడదని తీర్పు చెప్పారు. ఆడని కాళ్లకు మిల్లులో పని లేదు. సేఠ్ నా తల కట్టు వంక చూసి, "తులా కాయ్ సాంగూ" అని మొహం తిప్పుకున్నాడు, ఏం చెప్పమంటావు నన్ను అన్నట్టు. వారం తిరగకుండా నేను మళ్లీ మగ్గం గుంటలో ఉన్నాను. బాపు నాడె నా చేతికిచ్చాడు. అవ్వ, "కాలు పోతే పోయె, తలకాయ మిగిలింది" అని నా కట్టు మార్చింది.

బావ ఇంకా అయిదేళ్లు ఆడాడు. సేఠ్ కొత్త బూట్లు తెప్పించాడట, ఆయనకు రెండు కాళ్లకూ. ఆ కబురు విన్న రోజు నేను నేస్తున్న చీరను నడిమికి కోసేశాను.

ఆ తీర్పైన రెండు మూడు నెలలకు మూడో బిడ్డ పుట్టాడని కబురొస్తే అక్కను చూడకుండా ఉండలేక ఆదిలాబాద్ బస్సెక్కాను. నిర్మల్‌లో బస్సు ఆగినప్పుడు తువ్వాల కప్పుకుని కిందికి వంగి కూర్చున్నా ఎవరో గుర్తుపట్టారు. కిటికీలోంచి చొక్కా పట్టి లాగారు, చొక్కా చిరిగితే మెడ పట్టి దించారు. కర్ర చెక్కే బాడిసె కామతో ఒకడు నా మెడ కింద కొట్టిన దెబ్బకు ఎముక విరిగింది. కండక్టరు టికెట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. కొట్టినవాళ్లలో ఇద్దరు నా ఆటకు ఈల వేసినవాళ్లే, వాళ్ల మొహాలు నాకు తెలుసు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆదిలాబాద్‌కు మంచిర్యాల మీదుగా చుట్టు తిరిగి పోయేవాణ్ణి. ఎముక అతికింది గాని వంకరగా అతికింది, చొక్కా ఆ వైపు ఎప్పుడూ జారుతుంది.

పోటీల పెద్దలకు మూడు ఉత్తరాలు రాశాను, నియమాలు ఉటంకించి, బూటు సంగతి వివరించి. జవాబు లేదు. ఒకసారి, ఆట మానేశాక, బావ ఒంటరిగా మా పల్లెకు వచ్చాడు. నా మగ్గం గుంట అంచున కాళ్లు వేలాడేసుకుని గంటసేపు కూర్చున్నాడు. ఇప్పుడంటాడు ఇప్పుడంటాడు అని నేను నాడె ఆపాను. నూలు ధర ఎట్లుంది అని అడిగాడు. చెప్పాను. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆయన పోయినప్పుడు పాడె ముందువైపు భుజం పట్టింది నేనే, వంకర ఎముక ఉన్న భుజమే, దించకుండా మోశాను. అప్పుడూ నోరు తెరవలేదు, అక్క ఉంది కాబట్టి. రెండేళ్ల కింద అక్క పోయింది. ఇక ఎవరి కోసం దాచాలి?

సన్మానం జరిగిన రోజు ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, నిర్మల్ ఫార్వర్డు ఇంకా బతికే ఉన్నాడని, కొడుకు దగ్గర ఉంటున్నాడని చెప్పి అడ్రసు రాసిచ్చాడు. వాడు ఎప్పుడో పోయి ఉంటాడని అనుకునేవాణ్ణి. నాలుగు పేజీలు రాసి చింపేశాను, మళ్లీ ఒక్క పేజీ రాశాను. నీ మీద కోపం లేదు, నువ్వు ఆ రోజు నా మొహంలోకి చూశావు, చూసింది ఒక్కసారి చెప్పు, తన్నింది నేను కాదని ఒక్క ముక్క రాయి, ఎవరికీ చూపించను, పోయేముందు నేను చదువుకుంటాను. అంతే రాశాను.

జవాబు కోసం ఎదురుచూసే రోజుల్లో మనుమడు టీవీ పెట్టి నా పక్కన కూర్చునేవాడు. ఎక్కడో దూరదేశంలో పచ్చటి గడ్డి మీద ఆడుతుంటారు. ఒకడు పడితే చాలు ఆట ఆగుతుంది, మంచం వస్తుంది, మందు చల్లుతారు, తన్నినవాడి కాలిని నాలుగు వైపుల నుంచి మెల్లగా తిప్పి తిప్పి చూపిస్తారు, గోరు తగిలిందా మడమ తగిలిందా అని. మా కాలంలో ఆటను చూడటానికి జనం కళ్లు ఉండేవి, చెప్పటానికి జనం నోళ్లు ఉండేవి, ఆ రెంటికీ మధ్య మనిషి నలిగిపోయేవాడు. ఒక్కసారి, ఒక్కసారి ఆ నిర్మల్ మైదానాన్ని అట్లా మెల్లగా తిప్పి చూపించేవాడు ఉంటే! కానీ అంత మంచి ఆట చూస్తూ కూడా నాకు నిద్రే వస్తుంది. ఎవడూ ఎవణ్ణీ పలకరించడు, ఎవడూ నవ్వించడు, నెత్తురు పళ్లతో "అన్నా, గింతేనా" అనేవాడు ఒక్కడూ కనపడడు. మాకు దెబ్బలు తగిలిన మాట నిజమే గాని, కొట్టినవాడి ఊరూ ఇల్లూ తెలిసి తగిలేవి.

నెల దాటాక ఉత్తరం వచ్చింది. ఎవరికీ చూపించనని మాట ఇచ్చాను, ఇప్పుడు ఆ మాట తప్పుతున్నాను. అరవై ఏళ్లు మాట దాచుకున్నవాడికి ఆ మాత్రం హక్కు ఉంటుందనుకుంటాను. వచ్చింది వచ్చినట్టు రాస్తున్నాను, అక్షరం మార్చలేదు.

"అన్నకు దండాలు. నా చెయ్యి వణుకుతది, నేను చెప్తుంటె నా మనుమరాలు రాస్తున్నది. నువ్వు అడిగినదానికి జవాబు, నువ్వు కాదు. గా సంగతి నాకు గా పొద్దే ఎర్క. నువ్వు నా మీద పడ్డప్పుడు నా తలకాయ రాయికి తాకకుంట నీ చెయ్యి అడ్డం పెట్టినవు, గది గూడ యాదికుంది. మరి బడిల నీ పేరెందుకు చెప్పిన అంటె, మీ బావ పేరు నాకు తెల్వది, తెలిసినా చెప్పకపోదును. ఎవ్వలకు తెల్వనోడు తంతె ఇరిగిందంటె నేను ఉత్త కుంటోన్ని. నువ్వు తంతె ఇరిగిందంటె నేను ఆటగాన్ని. గా కథ ఇని మా మామ నాకు పిల్లనిచ్చిండు. గా కథ ఇనెతందుకు మంది మా బొమ్మల దుకాణంల కూసునేది. నా కొడుకులకు చెప్పిన, మనుమలకు చెప్పిన. గిది రాస్తున్న పోరికి గూడ గిప్పుడే తెలిసింది, కలం ఆపి నా మొకం దిక్కు చూస్తున్నది. నీకు నేను చేసింది అన్యాలమే, కాళ్లు మొక్కుత, ఒక్క కాలే వంగుతది. అన్నా, మనిద్దరం ఇంకెన్నొద్దులుంటం. నేను పోయెదాంక గా కాలు నీ పేరు మీదనే ఉండనియ్యి."